పదమూడే ఎందుకు? కెనడాలో డిజైన్ విద్యార్థి తొలి దరఖాస్తు

2017లో కెనడా తన నూట యాభయ్యో పుట్టినరోజు జరుపుకుంది. ఆ ఏడాది పొడవునా బ్యానర్ల మీద, టీషర్టుల మీద కనిపించిన రంగురంగుల మేపుల్ ఆకు గుర్తును గీసింది పేరుమోసిన ఏజెన్సీ కాదు, వాటర్లూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల అరియానా కువిన్. కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం ప్రభుత్వం పెట్టిన పోటీలో 2015లో ఆమె డిజైన్ గెలిచింది. ఆ ఆకును పదమూడు వజ్రాకారాలతో కూర్చారు. అడుగున ఉన్న నాలుగూ 1867లో కలిసి దేశంగా ఏర్పడిన అంటారియో, క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియాలు. మిగిలిన తొమ్మిదీ ఆ తర్వాత చేరిన రాష్ట్రాలు, ప్రాంతాలు.

ఆ గుర్తు నచ్చనివాళ్లూ ఉన్నారు. అది వేరే సంగతి. పదమూడే ఎందుకు, అడుగున నాలుగే ఎందుకు అని అడిగితే మాత్రం దాని దగ్గర జవాబుంది. డిజైన్ బృందాల్లోకి విద్యార్థులను తీసుకునేవాళ్లు దరఖాస్తులో వెతికేది అలాంటి జవాబునే. చక్కగా బొమ్మ వేయడం డిజైన్ కాలేజీలో సీటొచ్చిన అందరికీ కొద్దో గొప్పో వచ్చు. అలా కాక ఇలాగే ఎందుకు వేశారో చెప్పగలిగేవాళ్లు తక్కువ. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లి టొరంటోలో, వాంకూవర్‌లో, హాలిఫాక్స్‌లో డిజైన్ చదువుతున్నవాళ్లు తొలి ప్లేస్‌మెంట్‌కు కాగితాలు సర్దుకునేటప్పుడు ఆ జవాబును రెజ్యూమే మొదలు ఇంటర్వ్యూ దాకా ఎక్కడెక్కడ, ఎలా కనబరచాలన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు క్యాలెండర్ చూసుకోవాలి

చదువును, ఉద్యోగాన్ని ఒకదాని వెంట ఒకటి నడిపే కో-ఆప్ పద్ధతి అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో మొదలైంది. కెనడాలో దానికి 1957లో వాటర్లూ విశ్వవిద్యాలయం శ్రీకారం చుట్టింది. నాలుగు నెలలు తరగతి గది, నాలుగు నెలలు జీతమిచ్చే సంస్థ. ఇవాళ దేశంలోని చాలా డిజైన్ విద్యాలయాలు ఏదో ఒక రూపంలో ఈ ఏర్పాటు చేస్తున్నాయి. 1876లో పుట్టిన టొరంటోలోని ఒకాడ్, 1887 నాటి హాలిఫాక్స్‌లోని ఎన్‌స్కాడ్, 1925 నాటి వాంకూవర్‌లోని ఎమిలీ కార్, సర్రే క్యాంపస్‌లో డిజైన్ నేర్పే సైమన్ ఫ్రేజర్, అంటారియోలోని షెరిడాన్, హంబర్, జార్జ్ బ్రౌన్ లాంటివి. ఒకచోట కో-ఆప్ అంటారు, మరోచోట ఇంటర్న్‌షిప్ అంటారు, ఇంకోచోట ఫీల్డ్ ప్లేస్‌మెంట్ అంటారు. జీతం ఉంటుందా, మార్కులు కలుస్తాయా, ఎన్ని వారాలు చేయాలి అన్నవి పేరును బట్టి మారిపోతాయి కాబట్టి సొంత కోర్సు నిబంధనలు ముందే చదువుకోవాలి.

కంపెనీ క్యాంపస్‌కు వచ్చి, రాతపరీక్ష పెట్టి, పదులమందిని ఒక్కసారే తీసుకెళ్లే మన క్యాంపస్ సెలెక్షన్ల తీరు కెనడాలో డిజైన్ విద్యార్థికి ఎదురవదు. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో దరఖాస్తు, ఒకటి రెండు ఖాళీలు, వాటికి పదుల్లో, వందల్లో పోటీ. పని కాలాలు సాధారణంగా జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో మొదలవుతాయి. మేలో చేరాల్సిన పనికి ప్రకటనలు జనవరి నుంచే కనిపిస్తాయి. అంటే పోర్ట్‌ఫోలియో డిసెంబరు సెలవుల్లోనే ఒక కొలిక్కి రావాలి. సెమిస్టర్ ప్రాజెక్టులూ దరఖాస్తులూ ఒకేసారి మీద పడితే రెండూ దెబ్బతింటాయి.

వీటన్నిటికీ ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటే పని తేలిక. సంస్థ పేరు, గడువు తేదీ, ఏ రెజ్యూమే పంపారు, ఏ ప్రాజెక్టులు చూపించారు, ఎవరు బదులిచ్చారు అన్నవి అందులో రాసుకోవాలి. ఉద్యోగ ప్రకటన మొత్తాన్ని కాపీ చేసి దాచుకోవడం మరీ ముఖ్యం. గడువు దాటగానే ప్రకటనను తీసేస్తారు. మూడు వారాల తర్వాత ఇంటర్వ్యూకు పిలుపొస్తే అసలు ఏం అడిగారో గుర్తుండదు.

రెజ్యూమేలో తీసేయాల్సినవి

మన దగ్గర రెజ్యూమే ఇప్పటికీ చాలాచోట్ల పెళ్లిచూపుల బయోడేటాలాగే ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ స్థితి, పాస్‌పోర్ట్ సైజు ఫొటో, చివర 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అన్న వాక్యం, దాని కింద సంతకం. కెనడాలో వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. వయసు, మతం, పుట్టిన దేశం, కుటుంబ స్థితి లాంటి కారణాలతో వివక్ష చూపడాన్ని అక్కడి మానవ హక్కుల చట్టాలు నిషేధిస్తాయి. అందుకే ఆ వివరాలు తమ చేతికి రాకపోతేనే యాజమాన్యాలకు సుఖం. తొమ్మిది అంకెల సోషల్ ఇన్సూరెన్స్ నంబరును రెజ్యూమే మీద ఎప్పుడూ రాయకూడదు. ఉద్యోగంలో చేరాకే దాన్ని యజమానికి ఇవ్వాలి. అంతకుముందే అడిగేవాళ్లను అనుమానించాల్సిందే.

కాగితం కొలత కూడా చూసుకోవాలి. మనం వాడే ఏ4 బదులు కెనడాలో లెటర్ సైజు నడుస్తుంది. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. ఏ4లో అంచుల దాకా కూర్చిన పేజీని అక్కడి ప్రింటర్‌లో వేస్తే అడుగు వరస తెగిపోవచ్చు, లేదా పేజీ మొత్తం కుదించుకుపోవచ్చు. ఇంకొకరి రెజ్యూమేలో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. డిజైన్ విద్యార్థి విషయంలో అది పనితనం మీదే మచ్చ.

విద్యార్థి రెజ్యూమే ఒక్క పేజీలో ముగియాలి. 2012లో లాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ ముప్ఫైమంది రిక్రూటర్ల కంటి కదలికలను గమనించినప్పుడు, తొలి చూపులో ఒక్కో రెజ్యూమే మీద వాళ్లు పెట్టిన సమయం సగటున ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో కళ్లు పేరు, చదువు, చేసిన పని, తేదీల మీదే తిరిగాయి. అందుకని ఇలస్ట్రేటర్ నాలుగు చుక్కలు, ఫొటోషాప్ ఐదు చుక్కలు అంటూ నైపుణ్యాలకు చుక్కలు పెట్టడం దండగ. ఐదింటికి నాలుగు అంటే దేనితో పోల్చి నాలుగు? ఆ జాగాలో 'ఎనిమిది పేజీల కార్యక్రమ పుస్తకాన్ని ఇన్‌డిజైన్‌లో కూర్చి ప్రెస్‌కు పంపడం' అని రాస్తే సాఫ్ట్‌వేర్ వచ్చన్న సంగతితో పాటు ముద్రణ దాకా తీసుకెళ్లిన అనుభవమూ తెలుస్తుంది.

పెద్ద సంస్థల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ రెజ్యూమే చదువుతుంది. రెండు నిలువు వరసలు, పట్టికలు, బొమ్మగా మార్చిన అక్షరాలు ఉంటే అది తికమకపడుతుంది. పరీక్షించుకోవడం ఎంత సులువంటే, పీడీఎఫ్‌లోని పాఠం మొత్తాన్ని ఎంచి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే చాలు. అక్కడ వాక్యాలు వరస తప్పితే సాఫ్ట్‌వేర్‌కూ అలాగే కనిపిస్తుందని అర్థం. అందమైన కూర్పు పోర్ట్‌ఫోలియోలో ఎటూ కనిపిస్తుంది. రెజ్యూమేలో అక్షరాల సైజు, ఖాళీ జాగా, వరసల అమరిక కుదిరితే టైపోగ్రఫీ తెలిసిన కన్ను పట్టుకోకపోదు.

ఇండియాలో చేసిన పనిని చిన్నచూపు చూసి తీసేయడం చాలామంది చేసే పొరపాటు. గుంటూరులో ఫ్లెక్సీ షాపులో చేసిన ఆరు నెలలు, కాలేజీ ఫెస్ట్‌కు గీసిన పోస్టర్లు, బాబాయి స్వీట్ షాపుకు చేసిన డబ్బా కూడా పనులే. కెనడా అనుభవం ఉండి తీరాలనడం వివక్ష కిందికి రావచ్చని అంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లోనే విధానం ప్రకటించింది. 2026 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో ఇరవై అయిదుమంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో ఆ షరతు పెట్టడమే నిషిద్ధం.

పోర్ట్‌ఫోలియో: తక్కువ పనులు, ఎక్కువ కారణాలు

పోర్ట్‌ఫోలియోకు నాలుగైదు ప్రాజెక్టులు చాలు. మొదటి సెమిస్టర్ నుంచి చేసినవన్నీ పెడితే చూసేవాళ్లు బలహీనమైనదాన్నే గుర్తుపెట్టుకుంటారు. వరసలో మొదటిది, చివరిది బలమైనవి కావాలి. ఒక్కో ప్రాజెక్టుకు నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎవరి ఇబ్బంది తీర్చడానికి చేశారు? అందులో విద్యార్థి సొంత పాత్ర ఎంత? ఏ దారులు ప్రయత్నించి వదిలేశారు? చివరికి ఏం తేలింది?

మూడో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. వదిలేసిన దారులే నిర్ణయాన్ని బయటపెడతాయి. కెనడాలో దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ కెనడియన్ నేషనల్ రైల్వే గుర్తు. టొరంటో డిజైనర్ అలన్ ఫ్లెమింగ్ దాన్ని రూపొందించగా 1960 నుంచి రైలు పెట్టెల మీద వాడుకలో ఉంది. దేశానికి గుర్తు గనుక మేపుల్ ఆకో, రైలు గనుక ఇంజిన్ బొమ్మో పెట్టి ఉండొచ్చు. ఉన్నదున్నట్టు గీసిన బొమ్మ పదేళ్లకే పాతబడిపోతుందని ఆయన ఆలోచన. అందుకే సి, ఎన్ అక్షరాలను తెగని ఒకే గీతగా కలిపాడు. పట్టాలు సాగినట్టు సాగే ఆ గీత అరవై అయిదేళ్లు దాటినా మారలేదు.

విద్యార్థి పోర్ట్‌ఫోలియోలో ఇదే పని రెండు చిన్న చిత్తు గీతల బొమ్మలు, ఒక వాక్యం చేసిపెడతాయి. 'మొదట ఐదు బటన్లు పెట్టాం. వాడి చూసిన ఎనిమిదిమందిలో ఆరుగురు మూడోది నొక్కలేదు, దాన్ని తీసేశాం' అని రాస్తే చదివేవాళ్లు ఆగుతారు. 'యూజర్ సెంట్రిక్ పద్ధతిలో వినూత్న పరిష్కారం కనుగొన్నాం' అంటే ముందుకు జరిగిపోతారు.

నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో తన వంతు ఎంతో తేల్చి చెప్పాలి. 'మేం' అనడం మనకు మర్యాద. దరఖాస్తులో అది మసక. 'పరిశోధన ఇద్దరం చేశాం, స్క్రీన్లు నేను గీశాను, ఐకాన్లు మిత్రురాలివి' అని రాస్తే నిజాయితీతో పాటు జట్టులో పనిచేసే తీరూ తెలుస్తుంది. కృత్రిమ మేధతో చేయించిన బొమ్మలుంటే అదీ చెప్పాలి. ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి పొరలు చూపించమంటే నిజం ఎటూ బయటపడుతుంది.

తెలుగు విద్యార్థుల చేతిలో తమకే తెలియని పెట్టుబడి ఒకటుంది. కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలు. కిరాణా కొట్టులో ఏ డబ్బా తీసినా తప్పనిసరి వివరాలు రెండు భాషల్లోనూ ఉంటాయి. ఒకే విషయం ఫ్రెంచిలో సాధారణంగా ఎక్కువ జాగా తీసుకుంటుంది కనుక ఇంగ్లీషుకు సరిపోయిన పెట్టెలో ఫ్రెంచి పట్టకపోవడం అక్కడి డిజైనర్లకు రోజువారీ తలనొప్పి. తెలుగు, ఇంగ్లీషు కలిపి శుభలేఖో, సంఘం పోస్టరో కూర్చినవాళ్లు ఇంతకంటే చిక్కు ముడి విప్పినట్టే. 'రాష్ట్రం' అన్న మాటలో వత్తుల కింద వత్తులు దిగుతాయి. ఇంగ్లీషుకు పెట్టిన వరస ఎడమే తెలుగుకూ పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. సిలికానాంధ్ర చొరవతో గూగుల్ ఫాంట్స్‌లో చేరిన మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లలో దేన్ని ఎందుకు ఎంచుకున్నారు, పక్కన ఏ ఇంగ్లీషు ఫాంటు పెట్టారు, ఎడం ఎంత పెంచారు అన్నది ఒక్క పేజీలో చూపిస్తే తెలుగు అక్షరం ముక్క రాని టొరంటో ఆర్ట్ డైరెక్టర్‌కు కూడా అర్థమవుతుంది.

పోర్ట్‌ఫోలియో సైట్ కట్టే తీరును కూడా అక్కడివాళ్లు పరీక్షిస్తారు. వికలాంగుల సౌలభ్యం కోసం అంటారియో 2005లో తెచ్చిన చట్టం కింద ప్రభుత్వ సంస్థలూ, యాభైమంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థలూ 2021 నుంచి తమ వెబ్‌సైట్లలో సౌలభ్య ప్రమాణాలు పాటించాల్సి ఉంది. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్నది వాటిలో ఒకటి. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు ఫ్యాషన్ అనుకునే విద్యార్థి ఆ ఒక్క అలవాటుతోనే వెనకబడతాడు. ఇక లింకు పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటుందో లేదో తన ఫోన్‌లో కాక ఇంకొకరి ఫోన్‌లో చూసుకోవాలి. సైట్‌తో పాటు పది మెగాబైట్లకు మించని పీడీఎఫ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

కవర్ లెటర్: వాళ్ల పని చూశామనడానికి సాక్ష్యం

'మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేసే అవకాశం కల్పించగలరని సవినయంగా ప్రార్థిస్తున్నాను' అన్న ధోరణి మన స్కూల్లో సెలవుచీటీ నుంచి వచ్చింది. కెనడాలో దరఖాస్తు ప్రార్థన కాదు. 'మీరు అడిగిన పని ఇది, నేను చేసి చూపించినది ఇది' అన్న రెండింటినీ కలిపితే ఉత్తరం సగం పూర్తయినట్టే.

మిగిలిన సగం సంస్థను చదవడం. ఒట్టావాలో పుట్టిన షాపిఫై తన డిజైన్ పద్ధతుల సంపుటి పొలారిస్‌ను అందరూ చదివేలా బయట పెట్టింది. అక్కడికి దరఖాస్తు చేసేవాళ్లు దాన్ని చదివి, సందేహం కలిగించిన ఒక్క సూత్రం గురించి రెండు వాక్యాలు రాయగలిగితే చాలు. టొరంటో గృహోపకరణాల సంస్థ అంబ్రాకు పంపేవాళ్లు, ఒట్టావాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో చదివిన కరీమ్ రషీద్ ఆ సంస్థకు రూపొందించిన గార్బో చెత్తబుట్టను ఒకసారి దుకాణంలో ఎత్తి చూడాలి. పైకి లేచిన రెండు అంచులే దానికి పిడులు. విడిగా పిడి అతికించాల్సిన పని లేదు. అలాంటి గమనిక ఒకటి ఉత్తరంలో ఉంటే 'చిన్నప్పటి నుంచి నాకు డిజైన్ అంటే ప్రాణం' అన్న వాక్యం అవసరమే ఉండదు.

ఉత్తరం అర పేజీ నుంచి ముప్పావు పేజీ చాలు. ఇంగ్లీషు వర్ణక్రమం కెనడా పద్ధతిలో ఉండాలి. సంస్థ పేరు మార్చడం మరిచిపోయి ఒకరి ఉత్తరం ఇంకొకరికి పంపడం ప్రతి సీజన్లో జరిగేదే. పంపే ముందు ఆ పేరొక్కటైనా గట్టిగా పైకి చదువుకోవాలి.

జీతం, అర్హత, ఊరికే చేయించుకునే పని

కెనడా 150 పోటీలో విజేతకు దక్కింది 5,000 డాలర్లు. దేశమంతా వాడే గుర్తుకు విద్యార్థుల చేత పోటీ పెట్టి, గెలిచిన ఒక్కరికే సొమ్మివ్వడం అన్యాయమని డిజైనర్లు గొడవ చేశారు. అంటారియోలోని రిజిస్టర్డ్ గ్రాఫిక్ డిజైనర్ల సంఘం ఆర్‌జీడీ అందులో ముందుంది. 'నా సమయానికి విలువ ఉంది' అన్న నినాదం అప్పుడు మోగింది. ఉద్యోగానికి ముందు 'పరీక్ష' పేరుతో తమ అసలు లోగోనో, యాప్ స్క్రీన్‌నో గీసివ్వమనే సంస్థలు ఇప్పటికీ తగులుతాయి. గంటా రెండు గంటల ఊహాజనిత అభ్యాసం అయితే ఫరవాలేదు. రోజుల తరబడి పట్టే, వాళ్లు అమ్ముకోగలిగే పని అయితే, ఉన్న పోర్ట్‌ఫోలియోలోంచి దగ్గరి ప్రాజెక్టును వివరిస్తానని మర్యాదగా చెప్పవచ్చు. డబ్బు ఇస్తారా అని అడగడమూ తప్పు కాదు.

జీతం ఎంతో అడగడానికి మొహమాటపడే రోజులు పోతున్నాయి. బ్రిటిష్ కొలంబియాలో 2023 నవంబరు 1 నుంచి బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో జీతం చెప్పి తీరాలి. అంటారియోలో ఇరవై అయిదుమంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థలకు 2026 నుంచి అదే నియమం. దరఖాస్తుల వడపోతకు కృత్రిమ మేధ వాడితే ఆ మాటా ప్రకటనలో ఉండాలి. కళాశాల ఆమోదించిన ప్లేస్‌మెంట్లకు అంటారియోలో కనీస వేతన చట్టం వర్తించదు. కాబట్టి జీతం లేని ఫీల్డ్ ప్లేస్‌మెంట్ ఒప్పుకునే ముందు అద్దె, బస్సు ఖర్చు లెక్క వేసుకోవాలి.

కొన్ని ప్రకటనల అడుగున ఉండే ఒక షరతును చూడకుండా అంతర్జాతీయ విద్యార్థులు వృథా శ్రమ పడుతుంటారు. విద్యార్థులను తీసుకునే సంస్థలకు స్టూడెంట్ వర్క్ ప్లేస్‌మెంట్ ప్రోగ్రాం కింద కేంద్ర ప్రభుత్వం జీతంలో సగం దాకా, 5,000 డాలర్లకు మించకుండా ఇస్తుంది. కొన్ని వర్గాల విద్యార్థులకైతే 70 శాతం, 7,000 డాలర్ల దాకా. ఇది పౌరులకు, శాశ్వత నివాసులకు, శరణార్థులుగా రక్షణ పొందినవారికి మాత్రమే. ఆ సాయం మీదే ఆధారపడిన చిన్న స్టూడియో స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లను పిలవదు. అది ప్రతిభ మీద తీర్పు కాదు. ఆ సమయాన్ని ఇంకో దరఖాస్తుకు మళ్లించాలి.

స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట పని వారానికి 24 గంటలకు మించకూడదన్నది 2024 నవంబరు నుంచి ఉన్న నియమం. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్‌కు వేరే లెక్క. అది మొత్తం కోర్సులో సగానికి మించకూడదు. అనుమతి పత్రాల నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్ల మాట మీద ఆగిపోకుండా, దరఖాస్తులు మొదలుపెట్టే ముందే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని కలవాలి.

పిలుపు వచ్చాక

డిజైన్ ఇంటర్వ్యూలో సగం సమయం ఒకటి రెండు ప్రాజెక్టులను నడిపించి చూపడానికే పోతుంది. ఒక్కోదానికి ఐదారు నిమిషాల చొప్పున, పేజీలో రాసినదాన్ని చదవకుండా చెప్పడం స్నేహితుల ముందు సాధన చేయాలి. వినే స్నేహితుడు డిజైన్ చదవనివాడైతే ఇంకా మంచిది. అర్థంకాని చోట మొహమాటం లేకుండా ఆపుతాడు. 'ఈ రంగే ఎందుకు?' అన్న ప్రశ్నకు 'సార్ చెప్పారు' అన్న జవాబు సరిపోదు. 'అది మా ప్రొఫెసర్ సూచన, మొదట నేను వద్దనుకున్నాను, ఎండలో ఫోన్ పట్టుకుని చూశాక ఒప్పుకున్నాను' అంటే సంభాషణ సాగుతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లను సర్, మేడమ్ అనకుండా పేరుతో పిలవడం మొదట్లో నోరు తిరగదు. అక్కడ అది అగౌరవం కాదు.

వాటర్లూలో ఇంటర్వ్యూల తర్వాత సంస్థలు విద్యార్థులకూ, విద్యార్థులు సంస్థలకూ వరస సంఖ్యలు ఇస్తారు. రెంటినీ జతపరిచి ఎవరు ఎక్కడన్నది తేలుస్తారు. మిగతాచోట్ల ఫోనో, మెయిలో వస్తుంది. అదే రోజు నాలుగు వాక్యాల ధన్యవాదాలు, వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయడం, అంతవరకే. బహిరంగ ప్రకటన చూసి ఇంటర్వ్యూకు వెళ్లినవారికి నిర్ణయం జరిగిందో లేదో 45 రోజుల్లోగా చెప్పాల్సిన బాధ్యత కూడా 2026 నుంచి అంటారియోలో ఇరవై అయిదుమంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థల మీద ఉంది. కుదరలేదన్న జవాబు వస్తే, ఏ ప్రాజెక్టు దగ్గర ఆసక్తి తగ్గిందో అడగవచ్చు. బదులిచ్చినవాళ్ల మాటను స్ప్రెడ్‌షీట్‌లో చేర్చి ఆ ప్రాజెక్టు వరస మార్చాలి.

ఉద్యోగం కుదిరితే, చేరిన తొలి వారంలోనే పైఅధికారిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇక్కడ చేసే పనిలో దేన్ని, ఎప్పటి నుంచి నా పోర్ట్‌ఫోలియోలో చూపవచ్చు? రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాక విడుదల కాని స్క్రీన్లు బయటపెట్టడం చిక్కులు తెస్తుంది. అనుమతి ఉన్నవాటి చిత్తు ప్రతులను, మార్పులకు కారణాలను వారం వారం రాసి పెట్టుకోవాలి. సెప్టెంబరు పని కాలానికి ప్రకటనలు మే నెలలోనే వస్తాయి. అప్పటికి కొత్త ప్రాజెక్టు పేజీకి కావలసిన సరుకు చేతిలో ఉండాలి.